చెరువు గట్టు మీది కంప్యూటర్ ఏ రకం?

రొయ్యల చెరువుకు తెల్లవారుజాము గడ్డుకాలం. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ విడుస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే, రొయ్యలతో పాటు, దాన్ని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి గడిచేకొద్దీ తరుగుతూ వచ్చి, పొద్దు పొడవడానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నెల్లూరు జిల్లాలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లోనూ, ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపునా రొయ్యలు సాగుచేసే వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ గంటల్లో నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే పంట మొత్తం పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉందనుకుందాం. గట్టు మీది రేకుల షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు ఒకటి. నీటిలోని సెన్సర్ చెప్పే అంకెను చూసి ఏరియేటర్లను నడపడం దాని పని. నెల్లూరులోని ఇంట్లో ఆ అంకెలన్నిటినీ దాచే డెస్క్‌టాప్ మరొకటి. చూసుకునే మనిషి చేతిలో ల్యాప్‌టాప్. మూడింటిలోనూ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సే. అర్ధరాత్రి దాటాక ల్యాప్‌టాప్‌లో ఆదేశాలు టైప్ చేసే మూడు నల్ల కిటికీలు తెరిచి ఉన్నాయి, వాటిలో రెండు నెట్‌వర్క్ మీదుగా దూరంలోని యంత్రాల్లోకి వెళ్లినవి. ఇంట్లోని డెస్క్‌టాప్ మొరాయించింది, దాన్ని ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. మూడు కిటికీలూ ఒకేలా ఉన్నాయి. ఎవరూ పేర్లు మార్చలేదు కాబట్టి తెర మీద కనిపిస్తున్నవి ఇన్‌స్టాల్ చేసిన రోజున పడ్డ పేర్లే. రీబూట్ అన్న మాట టైప్ చేసే ముందు, ఇది ఏ యంత్రమో తెలియాలి. తప్పు కిటికీలో టైప్ చేస్తే చెరువు దగ్గర ఏరియేటర్లను నడిపే బోర్డు ఆగుతుంది.

ఈ ప్రశ్నకు లినక్స్‌లో ఒక ఆదేశం జవాబు చెబుతుంది. దాని పేరు హోస్ట్‌నేమ్‌సీటీఎల్. హోస్ట్‌నేమ్ అన్న ఇంగ్లిషు మాటకు సి, టి, ఎల్ అక్షరాలను ఖాళీ వదలకుండా అతికించి, అన్నీ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. లినక్స్‌ను బూట్ నుంచి షట్‌డౌన్ దాకా నడిపించే సిస్టమ్‌డీ అనే వ్యవస్థలో ఇది భాగం. సిస్టమ్‌డీ 2010లో మొదలైంది, ఈ ఆదేశం అందులోకి 2012లో వచ్చింది. రెడ్ హ్యాట్ 2014లోనూ, డెబియన్, ఉబుంటు 2015లోనూ సిస్టమ్‌డీకి మారాయి. కాబట్టి ఇప్పుడు కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో కనిపించే లినక్స్ యంత్రాల్లో దాదాపు అన్నిటిలోనూ ఇది ఉన్నట్టే.

వెనుక ఏ మాటా చేర్చకుండా ఆదేశాన్ని ఒక్కదాన్నే ఇస్తే పది పన్నెండు వరుసలు తెర మీదికి వస్తాయి. యంత్రం పేరు, దానికి తగిన బొమ్మ పేరు, చాసిస్, మెషీన్ ఐడీ అనే 32 అక్షరాల గుర్తు, ఆపరేటింగ్ సిస్టమ్, దాని గుండె లాంటి కెర్నల్ వెర్షన్, ప్రాసెసర్ తీరు చెప్పే ఆర్కిటెక్చర్, కొత్త వెర్షన్లలో తయారీదారు పేరు, మోడల్. ఎక్కువమంది పేరు చూసి మిగతావి వదిలేస్తారు. ఈ వ్యాసానికి ముఖ్యమైనది మూడో వరుస, చాసిస్. లారీలు, ట్రాక్టర్లు నడిపే ఇళ్లలో ఈ మాట కొత్తది కాదు. ఆర్‌సీ పుస్తకంలో ఇంజిన్ నంబరు పక్కనే చాసిస్ నంబరు ఉంటుంది. బాడీ కట్టక ముందు బండికి ఆధారమైన చట్రం అది. కంప్యూటర్ విషయంలో ఈ మాట చెప్పేది దాని ఒంటి తీరు: ఇది బల్ల మీద కూర్చునే డెస్క్‌టాపా, ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాపా, సర్వరా, ట్యాబ్లెట్టా, ఫోనా, చేతి గడియారమా, వేరే పరికరంలో ఇమిడిపోయిన ఎంబెడెడ్ బోర్డా. మడిస్తే ట్యాబ్లెట్, విప్పితే ల్యాప్‌టాప్ అయ్యే రకానికి కన్వర్టిబుల్ అని వేరే పేరుంది. వీటితో పాటు ఒళ్లే లేనివి రెండు: ఇంకో యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ మెషీన్‌కు వీఎం, అదే కెర్నల్‌ను పంచుకుంటూ వేరుగా నడిచే కంటెయినర్‌కు కంటెయినర్.

ఈ జవాబు యంత్రానికి ఎలా తెలుస్తుందన్నది అసలు విషయం. చాలామంది దీన్ని పట్టించుకోరు. తెర మీద కనిపించింది కాబట్టి నిజమే అనుకుంటారు.

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుంటుంది. జతలను రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుగా విడదీస్తారు. ఎద్దు వయసెంతో చెప్పడానికి యజమాని నోటిమాట చాలదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. జాతి సంగతీ అంతే. మూపురం, గంగడోలు, నడక చూసి చెబుతారు కానీ మెడలోని పలుపు చూసి చెప్పరు. ఇదే జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో స్థిరపడింది. అక్కడ దాన్ని ఒంగోలు అని ఎవరూ పిలవరు, అయినా చూసిన రైతు గుర్తుపడతాడు.

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కూడా ముందు పళ్లు చూడాలనే ప్రయత్నిస్తుంది. మనిషి ఏమీ రాసిపెట్టకపోతే అది వెదికే తీరు ఇది. మొదట, ఇది నిజమైన యంత్రమా, ఇంకో యంత్రం లోపల నడుస్తున్న వర్చువల్ మెషీనా అని చూస్తుంది. వర్చువల్ అని తేలితే అక్కడే ఆగి వీఎం అంటుంది. కాకపోతే మదర్‌బోర్డు మీద ఉండి యంత్రాన్ని మొదట లేపే బయాస్ అనే ప్రోగ్రాములో తయారీదారు నింపిన పట్టికను చదువుతుంది. ఆ పట్టిక రూపాన్ని నిర్ణయించే ప్రమాణం పేరు ఎస్ఎంబయాస్. అందులో ఒంటి తీరుకు అంకెలుంటాయి: 3 అంటే డెస్క్‌టాప్, 7 అంటే టవర్, 9 అంటే ల్యాప్‌టాప్, 10 అంటే నోట్‌బుక్, 13 అంటే తెరలోనే అన్నీ ఇమిడిన ఆల్ ఇన్ వన్, 17 అంటే ప్రధాన సర్వర్, 30 అంటే ట్యాబ్లెట్, 31 అంటే కన్వర్టిబుల్. అంకెలు ఎన్ని ఉన్నా ఆదేశం వాటిని కొన్ని గంపల్లోకి వేస్తుంది. 3, 7, 13 మూడూ డెస్క్‌టాప్ గంపలోకి, 9, 10 రెండూ ల్యాప్‌టాప్ గంపలోకి. ఈ పట్టికలో పనికొచ్చే అంకె దొరక్కపోతే, విద్యుత్ పొదుపు కోసం బయాస్ వేరుగా చెప్పే ఏసీపీఐ వివరం చూస్తుంది. అందులో 1 డెస్క్‌టాప్, 2 బ్యాటరీతో తిరిగేది, 4 పెద్ద సర్వర్, 8 ట్యాబ్లెట్.

అంటే ఆదేశం చూసేది పెట్టెను కాదు, ఫ్యాక్టరీలో ఎవరో పెట్టె గురించి నింపిన కాగితాన్ని. ఎద్దు పళ్లకూ దీనికీ తేడా ఇక్కడే వస్తుంది. ప్రసిద్ధ కంపెనీ అమ్మిన ల్యాప్‌టాప్‌లో ఈ కాగితం శుభ్రంగా నింపి ఉంటుంది, జవాబు సరిగ్గా వస్తుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న పెట్టెకు ఈ కాగితం నింపే నాథుడు ఉండడు. మదర్‌బోర్డు చేసిన కంపెనీకి దాన్ని ఏ క్యాబినెట్‌లో బిగిస్తారో తెలియదు. బిగించిన దుకాణదారుకు బయాస్‌లో ఇలాంటి గడి ఒకటుందని తెలియదు. అందువల్ల ఇలాంటి యంత్రాల్లో తయారీదారు, సీరియల్ నంబరు గడులు తెరిస్తే, చివరి తయారీదారు నింపవలెను అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు వాక్యం ఖాళీ దరఖాస్తు ఫారం లాగా అలాగే మిగిలి ఉండటం మామూలు. చాసిస్ గడిలో మాత్రం చాలాసార్లు 3 అన్న అంకె ముందే పడి ఉంటుంది. అసెంబుల్డ్ పెట్టెలు చాలావరకు డెస్క్‌టాప్‌లే కాబట్టి దాన్ని ఎవరూ చూసి నింపలేదన్న సంగతి ఎవరి కంటా పడదు.

రాస్ప్‌బెర్రీ పై సంగతి ఇంకొకటి. అందులో మామూలు కంప్యూటర్లలో ఉండే బయాసూ లేదు, ఎస్ఎంబయాస్ పట్టికా లేదు, ఏసీపీఐ కూడా లేదు. బోర్డులో ఏమేమి ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీ అనే వివరణ మాత్రం ఉంటుంది. కొత్త వెర్షన్లు దాన్ని కూడా చదువుతాయి కానీ, అందులో ఒంటి తీరు రాసి ఉంటేనే ఫలితం. లేకపోతే తెర మీద చాసిస్ అనే వరుసే రాదు. బొమ్మ పేరు దగ్గర కంప్యూటర్ అని మాత్రం ఉంటుంది. మన చెరువు గట్టు బోర్డు గురించి అది చెప్పగలిగింది అంతే.

ఇక్కడ చూడటం అయిపోయి, రాయడం మొదలవుతుంది. ఈ ఆదేశం వెనుక చాసిస్ అని, దాని వెనుక రకం పేరు చేర్చి ఇస్తే ఆ రకం స్థిరపడుతుంది. బోర్డు దగ్గర ఇవ్వవలసింది హోస్ట్‌నేమ్‌సీటీఎల్ చాసిస్ ఎంబెడెడ్. ఈ పొట్టి రూపం 2021 నుంచి ఉంది. అంతకు ముందు వెర్షన్లలో చాసిస్ అన్న మాటకు ముందు సెట్ అన్న మాటను అడ్డగీతతో కలిపి ఇవ్వాలి, ఆ పాత రూపం ఇప్పటికీ పనిచేస్తుంది. రకం పేరు ఇవ్వకుండా చాసిస్ దగ్గరే ఆపితే కొత్త వెర్షన్లు ఉన్న రకాన్ని చెబుతాయి. జాబితాలో లేని మాట ఇస్తే ఆదేశం ఒప్పుకోదు. రకాన్ని మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉండాలి, లేకపోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. చూడటానికి మాత్రం ఎవరికైనా అనుమతి ఉంది. రాసింది తప్పని తోస్తే, రకం పేరు ఉండాల్సిన చోట ఖాళీ కొటేషన్ గుర్తుల జత ఇస్తే చాలు. మనిషి రాత చెరిగిపోయి, యంత్రం మళ్లీ తన వెదుకులాటకు పోతుంది.

ఈ రాత ఎక్కడ నిలుస్తుంది? ఈటీసీ అనే ఫోల్డర్‌లో మెషీన్ ఇన్ఫో అనే చిన్న ఫైలులో. మామూలు అక్షరాల ఫైలు అది, ఎవరైనా తెరిచి చదవవచ్చు. బయాస్‌లోని పట్టిక చీమకుర్తి గ్రానైట్ మీద చెక్కిన రాత లాంటిది, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చదవగలదు కానీ ఈ ఆదేశం దాన్ని తాకదు. మెషీన్ ఇన్ఫో మార్కాపురం పలక లాంటిది. రాసుకోవచ్చు, చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. రెండూ ఉన్నచోట ఆదేశం పలకనే నమ్ముతుంది. పక్కనున్న మనిషికి పెట్టె కనిపిస్తుంది, యంత్రానికి కనిపించదు. అందుకని మనిషి మాటకు పైచేయి ఇవ్వడం సబబే.

అయితే రాసినంత మాత్రాన ఏం మారుతుంది? ల్యాప్‌టాప్‌ను సర్వర్ అని రాస్తే అది సర్వర్ అయిపోదు. ప్రాసెసర్ వేగం పెరగదు, ఫ్యాన్ తిరుగుడు మారదు, బ్యాటరీ మాయం కాదు. మారేది ఆ రాతను చదివి నడుచుకునే ప్రోగ్రాముల ప్రవర్తన. అవి తక్కువే కానీ ఉన్నాయి. లినక్స్ తెర మీది కిటికీలను, మెనూలను నడిపే గ్నోమ్ వంటి ప్రోగ్రాములు పవర్ బటన్ నొక్కితే ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు రకాన్ని చూస్తాయి. ట్యాబ్లెట్ అయితే నిద్రపుచ్చాలి, వర్చువల్ మెషీన్ అయితే నిద్రకు అర్థం లేదు.

కంటికి కనిపించే ఉదాహరణ బ్లూటూత్. లినక్స్‌లో బ్లూటూత్‌ను నడిపే బ్లూజెడ్ అనే ప్రోగ్రాము, యంత్రం పేరును, చాసిస్‌ను ఇక్కడి నుంచే తీసుకుంటుంది. ప్రతి బ్లూటూత్ పరికరం తాను ఏ తరగతికి చెందుతానో ఒక అంకెల గుర్తుతో చాటుతుంది. అందులో కంప్యూటర్లకు ఒక పెద్ద తరగతి, దాని లోపల డెస్క్‌టాప్ 1, సర్వర్ 2, ల్యాప్‌టాప్ 3. ఫోనులో బ్లూటూత్ జాబితా తెరిచినప్పుడు ఒక పేరు పక్కన కంప్యూటర్ బొమ్మ, ఇంకో పేరు పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ వచ్చేది ఈ గుర్తు చూసే. కాబట్టి చాసిస్‌ను హ్యాండ్‌సెట్ అని మారిస్తే, ఆ యంత్రం చుట్టుపక్కల పరికరాలకు కంప్యూటర్‌గా కాకుండా ఫోనుగా పరిచయం చేసుకోవడం మొదలుపెడుతుంది. ఒక ఫైలులోని ఒక మాట గది అవతలికి వెళ్లి కనిపించే చోటు ఇది.

ఇప్పుడు వాదానికి తావున్న ప్రశ్న. ఇంట్లోని పాత డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు చెరువు లెక్కలు దాస్తోంది. దానికి తెర తీసేశారు, కీబోర్డు తీసేశారు. అది చేసే పని సర్వర్ పని. దాని చాసిస్ ఏమని రాయాలి? సర్వర్ అని రాయాలని చాలామందికి అనిపిస్తుంది, అలా రాసుకునేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం అభిప్రాయం మాత్రం రాయకూడదనే. చాసిస్ ఒంటి తీరు చెప్పే గడి, వృత్తి చెప్పే గడి కాదు. రేపు ఆ యంత్రంలో విద్యుత్ సరఫరా పెట్టె కాలిపోతే, ఏ సైజుది తెచ్చుకోవాలో చెప్పేది దాని ఒళ్లే. సర్వర్ అని చదివి బయలుదేరిన మెకానిక్ సర్వర్ భాగాలు వెతుకుతూ చెన్నై వరకు ఫోన్లు చేస్తాడు. డెస్క్‌టాప్ అని ఉంటే ఊళ్లోనే పని తెములుతుంది.

పని చెప్పడానికి వేరే గడి ఉంది. దాని పేరు డిప్లాయ్‌మెంట్. ఒక్క మాటలో రాయాలి, మాటల మధ్య ఖాళీ పనికిరాదు. సాఫ్ట్‌వేర్ రంగంలో వాడే మాటలు ప్రొడక్షన్, స్టేజింగ్, డెవలప్‌మెంట్. ప్రొడక్షన్ అంటే నిజమైన పని నడుస్తున్న యంత్రం, చెయ్యి పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాల్సినది. స్టేజింగ్ అంటే అసలు పనికి ముందు సరిచూసుకునేది. డెవలప్‌మెంట్ అంటే ప్రయోగాలకు. చెరువు గట్టు బోర్డుకు ప్రొడక్షన్ అని రాసిపెట్టాలి. కొత్త ప్రోగ్రాములు పరీక్షించడానికి అలాంటి బోర్డే ఇంకొకటి కొని ఉంటే దానికి డెవలప్‌మెంట్. రెండు బోర్డులకూ ఒంటి తీరు ఒకటే, ఆర్కిటెక్చర్ ఒకటే, మోడల్ ఒకటే. తేడా అంతా ఈ ఒక్క వరుసలో ఉంది. ఏది ఆపవచ్చో ఏది ఆపకూడదో చెప్పే వరుస ఇది.

దానికి తోడు లొకేషన్ అనే గడి. ఇది ఎక్కడుందో మనుషుల భాషలో రాయవచ్చు, ఖాళీలతో, కామాలతో, ఎంత వివరంగా కావాలంటే అంత. అల్లూరు చెరువు, తూర్పు గట్టు షెడ్డు, పై అర. నెల్లూరు ఇల్లు, మేడ గది. జీపీఎస్ అక్షాంశాల కంటే పై అర అన్న రెండు మాటలు మెకానిక్‌కు ఎక్కువ ఉపయోగం. దూరంలో ఉన్న యంత్రం గురించి దాని ఒంటి తీరు కంటే ముందు తెలియాల్సింది అది ఎక్కడుందన్నది. యంత్రం తనంతట తాను ఎంత వెదికినా కనిపెట్టలేని వివరం కూడా అదే. అయినా ఎక్కువ యంత్రాల్లో ఈ గడి ఖాళీ. చాసిస్‌ను ఏమని మార్చాలని అడిగేవాళ్లు పదిమంది ఉంటే, లొకేషన్ రాసేవాళ్లు ఒక్కరైనా ఉండటం అరుదు. శ్రద్ధ పెట్టాల్సిన చోటు అది.

పేర్ల విషయం కూడా ఈ ఆదేశం చేతిలోనే ఉంది. ఒకే యంత్రానికి మూడు పేర్లుండవచ్చు. నెట్‌వర్క్‌లో నిలకడగా ఉండే స్టాటిక్ పేరు, నెట్‌వర్కే తాత్కాలికంగా ఇచ్చే ట్రాన్సియెంట్ పేరు, మనుషుల కోసం ప్రెట్టీ పేరు. జిల్లా అధికారిక నామం శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, 2008 నుంచి దస్తావేజుల్లో అలాగే రాస్తున్నారు. బస్సు బోర్డు మీద మాత్రం నెల్లూరు. ప్రెట్టీ పేరుకు, స్టాటిక్ పేరుకు ఉన్న సంబంధం అలాంటిదే. స్టాటిక్ పేరులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్క వాడాలి, 64 అక్షరాలు దాటకూడదు. ప్రెట్టీ పేరుకు ఆ కట్టుబాట్లు లేవు. యూనికోడ్‌లోని ఏ లిపైనా పనికొస్తుంది. చెరువు గట్టు పెట్టె అని తెలుగులోనే రాసుకోవచ్చు. ఫోను బ్లూటూత్ జాబితాలో ఆ తెలుగు పేరే కనిపిస్తుంది. బ్లూటూత్ పేరుకు 248 బైట్ల హద్దు ఉంది, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. వత్తులు, గుణింతాలు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. మొత్తం 82 గుర్తులు పడతాయి, ఏ పేరుకైనా అది చాలు.

ఒక జాగ్రత్త ఉంది. లినక్స్ నల్లతెర తెలుగును సరిగా చూపదు. అక్షరాలు విడిపోయి, వత్తులు పక్కకు జరిగి, చదవలేని రూపంలో వస్తాయి. అందువల్ల ఫోనులో చదవబోయే ప్రెట్టీ పేరు తెలుగులో పెట్టుకుని, అర్ధరాత్రి నల్లతెర మీద చదవబోయే లొకేషన్‌ను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవడమే మంచిది. తెలుగు కంప్యూటర్లో అన్నిచోట్లా సవ్యంగా కనిపించాలని కోరుకునేవాళ్లకు ఇది బాధ కలిగించే సలహాయే. టెర్మినల్ ప్రోగ్రాములు ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడిని కేటాయించే పద్ధతి మీద కట్టినవి, క్ష్మ్యా వంటి గుణింతానికి ఆ గడి సరిపోదు. అది మారేదాకా ఈ సర్దుబాటు తప్పదు.

ఇంతవరకు ఒక్కో యంత్రం సంగతి. ముప్పై, నలభై యంత్రాలున్న ల్యాబులో కొత్త ఇబ్బంది పుడుతుంది. కావలిలోనో కందుకూరులోనో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబు అనుకుందాం. ఒక యంత్రాన్ని ముందుగా అన్ని హంగులతో సిద్ధం చేసి, దాని డిస్కును మిగతా వాటికి నకలు తీస్తారు. పని త్వరగా అవుతుంది. ఆ మొదటి యంత్రం అధ్యాపకుల ల్యాప్‌టాప్ అయి, అందులో చాసిస్ ల్యాప్‌టాప్ అనీ, లొకేషన్ స్టాఫ్ రూం అనీ రాసి ఉంటే, నకళ్లన్నిటిలోకీ మెషీన్ ఇన్ఫో ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. పలక రాతకు పైచేయి ఉంది కాబట్టి, బయాస్‌లో డెస్క్‌టాప్ అని ఉన్నా వినేవాళ్లుండరు. నలభై డెస్క్‌టాప్‌లు తాము స్టాఫ్ రూంలోని ల్యాప్‌టాప్‌లమని చెబుతాయి. ఇంతకంటే పెద్ద ఇబ్బంది మెషీన్ ఐడీ. ప్రతి యంత్రానికీ వేరుగా ఉండాల్సిన ఆ 32 అక్షరాల గుర్తు కూడా నకలవుతుంది. ఆ గుర్తును ఆధారం చేసుకుని ఐపీ చిరునామా అడిగే ఏర్పాటు ఉన్నచోట, రెండు యంత్రాలకు ఒకే చిరునామా వచ్చి రెండూ తెగిపోతుంటాయి. వైరు మారుస్తారు, స్విచ్ మారుస్తారు, చివరికి కారణం ఫైలులో ఉందని తేలుతుంది. నకలు తీసే ముందు మెషీన్ ఐడీ ఫైలును చెరపకుండా లోపలి రాత మాత్రం తుడిచేసి ఖాళీగా ఉంచాలి, అప్పుడు ప్రతి నకలూ మొదటిసారి లేచినప్పుడు తన గుర్తు తానే రాసుకుంటుంది. మెషీన్ ఇన్ఫోను తీసేయాలి. ఈ రెండు పనులకు రెండు నిమిషాలు చాలు.

విండోస్ వాడేవాళ్లు ఇక్కడ ఒక అయోమయంలో పడతారు. విండోస్‌లో సిస్టమ్‌ఇన్ఫో అనే ఆదేశం ఇస్తే సిస్టమ్ టైప్ అనే వరుసే ఒకటి వస్తుంది. ఆదేశం వెనుక చేర్చే ఎస్ అనే స్విచ్ గుర్తుతో మరో యంత్రం పేరు ఇస్తే, హక్కులున్నచోట నెట్‌వర్క్‌లోని ఆ యంత్రం వివరాలూ చూపుతుంది. కానీ అక్కడ సిస్టమ్ టైప్ అంటే ఒంటి తీరు కాదు, ప్రాసెసర్ తీరు. ఎక్స్64 ఆధారిత పీసీ అని వస్తే అది 64 బిట్ల యంత్రమని అర్థం. లినక్స్ ఆదేశంలో దానికి సమానమైన వరుస ఆర్కిటెక్చర్. దాన్ని చూడగలం కానీ మార్చే మాట ఏ ఆదేశంలోనూ లేదు, ప్రాసెసర్‌ను సిలికాన్‌లో ఎలా చేశారో అలాగే ఉంటుంది. ఊళ్లో సిస్టమ్ అంటే మొత్తం కంప్యూటర్, సీపీయూ అంటే టేబుల్ కింది పెట్టె. ఈ అలవాటు వల్ల సిస్టమ్ రకం ఏమిటని ఒకరు అడిగితే ఇంకొకరు 64 బిట్ అనీ, మరొకరు డెస్క్‌టాప్ అనీ, వేరొకరు విండోస్ 11 అనీ చెబుతారు. మూడూ సరైన జవాబులే, మూడు వేర్వేరు ప్రశ్నలకు.

యంత్రం తన రకాన్ని నెట్‌వర్క్‌కు చెప్పుకోవడం కొత్త ఆలోచన కాదు. ఇంటర్నెట్ తొలినాళ్లలో అన్ని యంత్రాల జాబితా ఒకే ఫైలులో ఉండేది. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ దాన్ని నిర్వహించేది. ఇంటర్నెట్ ప్రమాణాలను వివరించే ఆర్ఎఫ్‌సీ పత్రాల్లో 1985 నాటి 952వది ఆ ఫైలు రూపాన్ని నిర్దేశించింది. ఒక్కో వరుసలో చిరునామా, పేరు, యంత్రం రకం, ఆపరేటింగ్ సిస్టమ్. ఎస్ఆర్ఐ యంత్రం పేరు పక్కన డెక్-2060, టాప్స్-20 అని ఉండేది. ఆ ఫైలు స్థానంలోకి, యంత్రాల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ వచ్చాక కూడా హెచ్ఇన్ఫో అనే నమోదు మిగిలింది, ప్రాసెసర్ రకం, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు అందులో రాసేవారు. లోకమంతా చదవగలిగేచోట ఈ వివరాలు పెడితే దాడి చేసేవాడికి దారి చూపినట్టవుతుందని తెలిశాక చాలామంది రాయడం మానేశారు. 2019లో ఆర్ఎఫ్‌సీ 8482 ఆ నమోదుకు వేరే ఉపయోగం కల్పించింది.

ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంపుకునే ఎఫ్‌టీపీ పద్ధతిలో సిస్ట్ అనే నాలుగక్షరాల ఆదేశం చరిత్ర ఇంకా చెప్పుకోదగ్గది. ఫైళ్లు దించుకునే ప్రోగ్రాము అవతలి సర్వర్‌ను నీ సిస్టమ్ రకం ఏమిటని అడుగుతుంది. జవాబు 215 అన్న అంకెతో మొదలై, యూనిక్స్ టైప్: ఎల్8 అన్న మాటలతో వస్తుంది. అడగడానికి కారణముంది. ఫైళ్ల జాబితా ఒక్కో వ్యవస్థలో ఒక్కో రూపంలో ఉండేది, రకం తెలిస్తే కానీ చదవలేరు. కాలక్రమంలో చాలా ప్రోగ్రాములు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపాన్ని మాత్రమే సరిగా చదవగలిగాయి. దాంతో విండోస్ మీద నడిచే ఫైల్‌జిల్లా సర్వర్ కూడా, ఫైల్‌జిల్లా అనుకరించిన యూనిక్స్ అని జవాబిచ్చేది. దాపరికం లేకుండా అనుకరణ అని ఒప్పుకుంటూనే, అవతలివాడికి అర్థమయ్యే మాట చెప్పింది. చదివే ప్రోగ్రాములు సంకుచితంగా ఉన్నప్పుడు చెప్పే యంత్రాలు తమ మాట మార్చుకోవలసి వస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ రాతను ఇలా ఊరంతటికీ చాటాల్సిన అవసరం లేదు. అది యంత్రం లోపల ఉంటుంది, లాగిన్ అయినవాళ్లకు కనిపిస్తుంది. దూరంలోని యంత్రంలోకి ముందుగా వెళ్లి కూర్చోవాల్సిన పని కూడా లేదు. పెద్ద అక్షరం హెచ్ అనే స్విచ్ ఇచ్చి, వాడుకరి పేరు, అట్ గుర్తు, యంత్రం చిరునామా రాస్తే, ఆదేశం దూరంలోని యంత్రంలోకి భద్రంగా వెళ్లే ఎస్ఎస్‌హెచ్ దారిలో వెళ్లి అక్కడి వివరాలు తెచ్చి ఇక్కడ చూపుతుంది. అవతలి యంత్రంలో కూడా సిస్టమ్‌డీ ఉండాలి, ఎస్ఎస్‌హెచ్ తెరిచి ఉండాలి. అంతకు మించి షరతులు లేవు.

మళ్లీ ఆ అర్ధరాత్రికి వద్దాం, ఈసారి మూడు యంత్రాల్లోనూ గడులు నింపి ఉన్నాయి. మొదటి కిటికీలో ఆదేశం ఇస్తే చాసిస్ దగ్గర ల్యాప్‌టాప్ అనీ, కొత్త వెర్షన్ కాబట్టి పక్కన చిన్న ల్యాప్‌టాప్ బొమ్మా కనిపిస్తాయి. ఇది చేతిలో ఉన్నదే. రెండో కిటికీలో చాసిస్ ఎంబెడెడ్, డిప్లాయ్‌మెంట్ ప్రొడక్షన్, లొకేషన్ అల్లూరు చెరువు, తూర్పు గట్టు షెడ్డు, పై అర. ఆ కిటికీని ముట్టుకోకుండా పక్కకు జరపాలి. మూడో కిటికీలో చాసిస్ డెస్క్‌టాప్, లొకేషన్ నెల్లూరు ఇల్లు, మేడ గది. రీబూట్ అన్న మాట ఇక్కడ టైప్ చేయవచ్చు.